‘తార్త్’ అంటే దాహం

2021 అక్టోబరులో నర్సుగా ఐర్లాండ్ వచ్చాను. పడమటి తీరంలోని మేయో కౌంటీలో, ఒక చిన్న ఊళ్లోని నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం. రిజిస్ట్రేషను, వీసా, పరీక్షల గురించి ఇప్పటికే చాలామంది రాశారు, వాటి జోలికి పోను. ఆ కాగితాలన్నీ అయ్యాక మొదలయ్యే పని ఇంకొకటుంది. ఎవరి మధ్య బతకబోతున్నామో, వాళ్ల మనసు ఎలాంటిదో తెలుసుకోవడం. దానికి ఫారాలు లేవు, గడువూ లేదు. నాకు రెండేళ్లకు పైగా పట్టింది. నేర్పింది ఎక్కువగా ముసలివాళ్లే.

మొదటి నెలంతా పేర్ల దగ్గరే టెన్షన్. చార్టులో ఇంగ్లిష్ అక్షరాలు చూసి ‘నియామ్’ అని పిలిస్తే ఆవిడ పలకలేదు. అది ‘నీవ్’ అట. ‘సియోభాన్’ అనుకున్నది ‘షివాన్’. ఇవి ఇంగ్లిష్ పేర్లు కావు, ఐరిష్ భాష పేర్లు. ఆ భాషలో బి పక్కన గానీ ఎమ్ పక్కన గానీ హెచ్ వస్తే చాలాచోట్ల ‘వ’ అని పలుకుతారు. మనిషిని సొంత పేరుతో సరిగ్గా పిలవకుండా మందు చేతిలో పెట్టడం నాకు తప్పుగా అనిపించేది. రాత్రుళ్లు నోట్‌బుక్‌లో పేర్లన్నీ తెలుగు లిపిలో రాసుకుని బట్టీ పట్టాను. అలా రాసుకున్నాక ఒక్క పేరూ తప్పు పోలేదు.

మర్యాదల దగ్గర మాత్రం కష్టం లేకపోయింది. నాతో పనిచేసే ఒకావిడ ఆదివారం ఇంటికి పిలిచింది. టీ తాగుతావా అంది. అలవాటు ప్రకారం వద్దన్నాను. ‘పోనీ అరకప్పు’ అంది. పర్వాలేదు, ఇప్పుడే తాగొచ్చానన్నాను. అప్పటికే ఆవిడ కెటిల్ స్విచ్ నొక్కేసింది, బ్రౌన్ బ్రెడ్ కోసి వెన్న రాస్తోంది. తర్వాత గమనిస్తే అక్కడ అందరూ అంతే. మొదటిసారి వద్దనాలి, ఇంటివాళ్లు బలవంతం చేయాలి. మొహమాటం అనే మాటకు ఇంగ్లిష్‌లో సరైన మాట లేదని మనం అనుకుంటాం. మాట లేకపోయినా ఆ గుణం మేయోలో ప్రతి వంటింట్లోనూ ఉంది.

అసలు చదువు మాత్రం ఒక రాత్రి డ్యూటీలో మొదలైంది.

మా దగ్గర తొంభై దాటిన ఒకావిడ ఉండేది. మేయో వాయవ్య మూలన, సముద్రం ఒడ్డునున్న ఎరిస్ ప్రాంతం ఆవిడది. అక్కడ కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఐరిష్ మాట్లాడతారు. చిన్నప్పుడు ఇంట్లో అదే భాష, ఇంగ్లిష్ బడిలో నేర్చుకున్నది. మతిమరుపు జబ్బు ముదిరేకొద్దీ, తర్వాత నేర్చుకున్న ఇంగ్లిష్ ముందు పోయింది. ఆ రాత్రి రెండింటికి మంచం కమ్మీ పట్టుకుని ఒకటే మాట అంటోంది: ‘తార్త్, తార్త్.’ నొప్పేమోనని చూశాం, పక్క మార్చాం, దుప్పటి సర్దాం. ఆవిడ నా మణికట్టు పట్టుకుని నా కళ్లలోకి చూస్తూ మళ్లీ అదే మాట అంది. పెదవులు ఎండి తెల్లగా పొరలు కట్టి ఉన్నాయి. అప్పుడు చూశాను. మింగడం కష్టమైనవాళ్ల కోసం నీళ్లను చిక్కబరిచే పొడి ఉంటుంది, అది కలిపి చెంచాతో పట్టిస్తే కప్పు మొత్తం తాగి నిద్రపోయింది. తార్త్ అంటే దాహం. దాదాపు గంటసేపు ఒక మనిషి దాహం దాహం అంటుంటే మేం దుప్పట్లు సర్దుతూ కూర్చున్నాం. ఆ రాత్రి షిఫ్టులో ఐరిష్ వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ వారమే సాయంత్రం క్లాసులో చేరాను.

వాళ్ల రాజ్యాంగం ప్రకారం ఐరిషే మొదటి అధికార భాష. 2022 జనాభా లెక్కల్లో 18 లక్షల మందికి పైగా తమకు ఆ భాష వచ్చని చెప్పారు. కానీ బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు 72 వేల మందే. బళ్లో పన్నెండు పదమూడేళ్లు చదివి కూడా మాట్లాడటానికి జంకేవాళ్లే మా క్లాసులో ఎక్కువ. నాకు మాత్రం ఆ భాష ఇంగ్లిష్ కన్నా దగ్గరగా అనిపించింది. ఇంగ్లిష్‌లో ‘నేను ఆకలితో ఉన్నాను’ అన్నట్టు చెబుతారు. ఐరిష్‌లో ‘తా ఉక్రస్ ఒరమ్’, అంటే ఆకలి నా మీద ఉంది. దాహం, బాధ, భయం అన్నీ మనిషి మీదికి వచ్చేవే. మనకు ఆకలి వేసినట్టు, బాధ కలిగినట్టు. ‘కలిగి ఉండు’ అనే క్రియ కూడా వాళ్లకు లేదు. పుస్తకం నా దగ్గర ఉంది అంటారు, అచ్చం మనలాగే. అవును, కాదు అనే మాటలూ లేవు. తిన్నావా అంటే తిన్నాను అని, ఉందా అంటే ఉంది అని క్రియతోనే జవాబు. టీచరు ఇదంతా చాలా కష్టమన్నట్టు వివరిస్తుంటే నేను వెనక బెంచీలో కూర్చుని మా ఇంటి మాటలు వింటున్నట్టు విన్నాను.

భాష కాస్త వచ్చాక ఊళ్ల బోర్డులు మాట్లాడటం మొదలుపెట్టాయి. 1824 నుంచి బ్రిటిష్ ప్రభుత్వం సర్వే చేసి మ్యాపులు గీసినప్పుడు, పేర్లను చెవికి వినిపించినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నారు. మేయోలోని బాలినా, బాలిన్‌రోబ్ ఊళ్ల పేర్లు రెండూ ఒకేలా మొదలవుతాయి కదా. ఐరిష్‌లో చూస్తే బాలినా అంటే నది దాటే రేవు ముఖద్వారం, బాలిన్‌రోబ్ అంటే రోబ్ నది ఊరు. రెండు వేర్వేరు మాటలు ఇంగ్లిష్ స్పెల్లింగులో పడి ఒకటైపోయాయి.

హోమ్‌లో ఒక రిటైర్డ్ మాస్టారుండేవారు. మీ దేశాధ్యక్షుడొకాయన డబ్లిన్‌లో చదివాడు తెలుసా అని అడిగారు. వి.వి.గిరి గారు 1913 నుంచి అక్కడ న్యాయశాస్త్రం చదివి, బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగిన 1916లోనే ఐర్లాండ్ వదలాల్సి వచ్చింది. ఆయన మా తెలుగువారేనని చెబితే మాస్టారు లేచి కూర్చుని నాతో చేయి కలిపారు. నన్ను డూలాక్ లోయ చూసి రమ్మన్నదీ ఆయనే.

2023 మేలో వెళ్లాను. రెండు కొండల మధ్య నల్లటి సరస్సు, పక్కన సన్నటి రోడ్డు, గొర్రెలు, ఇంకేమీ లేదు. 1845లో బంగాళాదుంపకు తెగులు తగిలి ఐర్లాండ్‌లో మహా కరువు మొదలైంది. పేదవాళ్లకు మూడుపూటలా ఆ దుంపే తిండి. అదే సమయంలో ధాన్యం, పశువులు ఓడలెక్కి ఇంగ్లండ్ పోతూనే ఉన్నాయి. పది లక్షల మంది చనిపోయారు, అంతకన్నా ఎక్కువమందే దేశం విడిచిపోయారు. 1849 మార్చి చివర్లో ఇక్కడి లూయిస్‌బర్గ్ ఊరి దగ్గర ఆకలితో ఉన్న వందల మందిని, సాయం కావాలంటే దాదాపు 19 కిలోమీటర్ల దూరంలోని డెల్ఫీ లాడ్జ్ అనే బంగళాకు పొద్దునకల్లా వచ్చి అధికారుల ముందు నిలబడమన్నారు. రాత్రి చలిలో నడిచి వెళ్లారు. అక్కడ ఏమీ దొరకలేదు. ఈ లోయ దారిలోనే కొందరు పడిపోయారు. రోడ్డు పక్కన ఒక రాతి శిలువ ఉంది. దాని మీద మహాత్మాగాంధీ మాట చెక్కి ఉంది: సాటి మనుషులను అవమానించి మనుషులు తమకు గౌరవం దక్కిందని ఎలా అనుకోగలరని. అక్కడ ఆ పేరు కనిపిస్తుందని నేను అనుకోలేదు. చాలాసేపు కదల్లేకపోయాను.

మాది గుంటూరు వైపు. నందన కరువు అనే మాట మా ఇంట్లో పెద్దవాళ్ల నోట విన్నదే, 1832-33 నాటిది. ఐర్లాండ్ కరువులో సాయం ఖర్చు మీద పెత్తనం చేసి, ప్రభుత్వం ఎక్కువ కల్పించుకోకూడదని పట్టుబట్టిన బ్రిటిష్ అధికారి చార్లెస్ ట్రెవెల్యన్ 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అంటే మా గుంటూరు మీద కూడా. ఐరిష్‌వాళ్లు ఆ పేరు ఇప్పటికీ మర్చిపోలేదు. మేయోలో 1841లో దాదాపు 3,89,000 మంది ఉండేవారు. 2022లో సుమారు 1,38,000. కొండవాలులో గడ్డి కింద ఆనాటి దుంపల మడుల గీతలు ఇంకా కనిపిస్తాయి. ఆ గీతలు చూశాక, హోమ్‌లో ముసలివాళ్లు ప్లేటులో ఒక్క దుంప ముక్క వదలకుండా తింటుంటే నాకు వేరేగా కనిపించేది.

ఆ ఏడాది చలికాలంలో మా ఎరిస్ ఆవిడ పోయింది. శవాన్ని ఇంటికి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాలా అని అడిగితే, నాతో పనిచేసే ఆవిడ ఆ ప్రశ్నకే ఆశ్చర్యపోయింది. చావింటికి అక్కడ పిలుపు ఉండదు, తెలిసినవాళ్లంతా వెళ్లాలి. మెరిసే జాకెట్లు వేసుకున్న ఇరుగుపొరుగు వానలో నిలబడి కార్లకు దారి చూపిస్తున్నారు. ముందుగదిలో తెరిచిన శవపేటిక, గోడ వారగా కుర్చీల్లో పిల్లలు, మనవలు. వరుసలో వెళ్లి ఒక్కొక్కరి చేయి పట్టుకుని ‘సారీ ఫర్ యువర్ ట్రబుల్’ అనాలి. ఆ నాలుగు మాటలు చాలు. పిల్లలు భయం లేకుండా పేటిక చుట్టూ తిరుగుతున్నారు. వంటింట్లో పక్కింటివాళ్లు టీ కాస్తున్నారు, శాండ్‌విచ్‌లు కోస్తున్నారు, ఎవరో ఆవిడ మాటలు చెప్పి నవ్విస్తున్నారు. రాత్రంతా శవాన్ని ఒంటరిగా వదలరు. నా వంతు వచ్చినప్పుడు ఆవిడ చేయి తాకాను. నా మణికట్టు పట్టుకున్న చేయి అదే.

నెల తిరిగాక ఆవిడ పేరు మీద చర్చిలో మాస్ అనే ప్రార్థన చెప్పిస్తూ నన్నూ పిలిచారు. దాన్ని ‘మంత్స్ మైండ్’ అంటారు. మన నెలమాసికమే. ఆవిడ కూతురు పక్కన కూర్చోబెట్టుకుంది, తర్వాత టీకి తీసుకెళ్లింది. వద్దన్నాను, ఊరుకోలేదు.

ఆవిడ గదిలోకి ఇప్పుడు ఎరిస్ నుంచే మరొక పెద్దాయన వచ్చాడు. ఇంగ్లిష్ బాగానే మాట్లాడతాడు. మొదటి రాత్రి మందులు ఇస్తూ ‘అన్ విల్ తార్త్ ఒర్త్?’ అని అడిగాను. దాహంగా ఉందా అని. ఆయన కాసేపు నా ముఖం చూశాడు.

‘తా’ అన్నాడు. ఉంది.