పుస్తకంలో గీత లేని నంబర్లు

"బ్లాక్ ఫైవ్ వస్తోంది!" అన్నాడు పక్కనున్న పెద్దాయన, ఇంజిన్ ఇంకా మలుపు తిరగకముందే. ఇవాళ పొద్దున, ఇంగ్లండ్‌లో పాత ఆవిరి బండ్లని ఇప్పటికీ ముచ్చటకి నడిపే లైన్లో, యార్క్‌షైర్‌లోని పికరింగ్ స్టేషన్లో. అది ఏ రకం ఆవిరి ఇంజినో చప్పుడు విని పోల్చేశాడు!

నా కళ్లు మాత్రం ఆయన చేతిలోని ఇంజిన్ నంబర్ల పుస్తకం మీదే. అట్ట ఊడితే టేపు అంటించాడు. లోపల చాలా నంబర్ల కింద స్కేలు పెట్టి గీసిన గీతలు. ఓ ఇంజిన్‌ని మొదటిసారి కళ్లారా చూస్తే, ఈ రైలు అభిమానుల మాటలో 'కాప్' అయినట్టు, అప్పుడే గీత. బ్లాక్ ఫైవ్‌లు మొత్తం 842. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్ ఆవిరి బండ్లు ఆపేసేసరికి ఆయనకి కొన్ని చూడకుండానే మిగిలిపోయాయట. ఆ గీతల్లేని నంబర్లని వేలితో నిమురుతూ చూపించాడు. నాకు గొంతు పట్టేసింది.

తర్వాత ముద్దుపేర్లు మొదలెట్టాడు. మలార్డ్ లాంటి ఏ4 రకం ఇంజిన్లు 'స్ట్రీక్'లు. రేకు తొడుగుతో మాంసం డబ్బాల్లా ఉండే, బుల్లీడ్ అనే ఇంజినీరు రూపొందించిన ఇంజిన్లు 'స్పామ్ క్యాన్'లు. డీజిల్ అభిమానులైతే ఆవిరి ఇంజిన్లన్నిటినీ 'కెటిల్' అని ఏడిపిస్తారట.

"మీ భాషలో ఏమంటారు?" అనడిగాడు.

"పొగబండి" అన్నాను, బిట్రగుంట రైలింజిన్ల షెడ్డు కబుర్లు చెప్పే మా తాతయ్య గొంతు గుర్తొచ్చి.

రెండుసార్లు పలికించుకుని, పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకున్నాడు.