రాళ్ళ ఉప్పు: మడి నుంచి చెంచా దాకా

సముద్రపు ఉప్పు రుచి మడిలోనే, అంటే సముద్రపు నీటిని ఎండబెట్టే గట్టు కట్టిన నేలలోనే, ఖాయమవుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, కానీ అవన్నీ ఒకేసారి గట్టిపడవు. నీరు ఎండలో చిక్కబడే కొద్దీ ముందు సున్నపురాయిలోని పదార్థం (కాల్షియం కార్బొనేట్), ఆ తర్వాత జిప్సం అడుగున దిగుతాయి. అందుకే నీటిని మడి నుంచి మడికి మళ్ళిస్తారు. సాంద్రత 25 బోమే డిగ్రీలు (ఉప్పునీటి చిక్కదనాన్ని చూపే కొలత) దాటాక అసలు ఉప్పు పూస కడుతుంది. 29 దగ్గరికి వచ్చేసరికి మిగిలిన నీటిని తీసేయాలి. ఆశపడి ఇంకా ఎండబెడితే మెగ్నీషియం లవణాలు చేరి ఉప్పు చేదెక్కుతుంది, డబ్బాలో చెమ్మగిల్లుతుంది. ఇక్కడ తొందర కంటే అత్యాశే ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఇక ఆరోగ్యం సంగతి. సహజమైనదని ఎక్కువ వేసుకుంటే రక్తపోటు ఊరుకోదు. ఇందులోనూ దాదాపు అంతా సోడియం క్లోరైడే. మిగతా ఖనిజాలు ఉన్నా, మనం తినే కొద్దిపాటి ఉప్పులో వాటి లాభం లెక్కలోకి రాదు. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చెంచా కొలతను నమ్మకండి, పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి రాళ్ళ ఉప్పు చెంచాకు తక్కువ తూగుతుంది. తూకం వేసి చూసుకోండి.

అన్నిటికన్నా నాకు దిగులు అయోడిన్ గురించే. సముద్రం నుంచి వచ్చినా ఇందులో అది నామమాత్రం. గర్భిణులున్న ఇంట్లో అయోడిన్ కలిపిన ఉప్పును మాత్రం మానకండి.