రాణికి తోడుగా మేకని తెచ్చాక

ఈ ఉదయం మా గుర్రం రాణి మెడ నిమిరితే కొత్త జూలు చేతికి గరుగ్గా తగిలింది. రెండు నెలల తర్వాత ప్రాణం కుదుటపడింది.

మాది నందిగామ దగ్గర పల్లె. నిరుడు రాణి జతగుర్రం చచ్చిపోయింది. గుర్రం మందలో బతికే జీవి. ఒంటరిదై రాత్రంతా సకిలించేది, కొట్టం తలుపు కొరికేది. ఇంకో గుర్రం కొనే స్తోమత నాకు లేదు. పందెపు గుర్రాలకి మేకని తోడుంచడం పాత అలవాటే. సంతలో కొమ్ముల్లేని ఆడమేకని కొని, మేకలకొచ్చే చిటుకు రోగానికీ పీపీఆర్‌కీ టీకాలేయించి, పదిహేను రోజులు విడిగా ఉంచి, ఆనక రాణి పక్కన కట్టా. వారంలో తలుపు కొరకడం ఆగింది.

నెల తిరక్కుండా జూలు ఊడటం మొదలైంది. తోక కుచ్చులు కుచ్చులుగా రాలింది. మేక నములుతోందేమోనని రెండు రాత్రులు కాపలా కూర్చున్నా. నమిలితే తెగాలి, ఇవి కుదుళ్లతో ఊడి వస్తున్నాయి. పశువుల ఆస్పత్రికి తోలుకెళితే, అంతమంది పాడిరైతుల ముందు డాక్టరు, "ఏమయ్యా, గుర్రాన్ని ఎప్పుడన్నా కడిగావా? మేకతో కట్టేస్తే గజ్జి రాదా?" అన్నాడు. మా నాన్న జట్కా తోలిన రోజుల నుంచీ మా ఇంట్లో మాలీసు చెయ్యకుండా గుర్రానికి గడ్డి వెయ్యం. తల దించుకుని వచ్చేశా. ఆయన రాసిన పూతమందు మూడు డబ్బాలు అయిపోయినా జూలు ఊడుతూనే ఉంది.

చివరికి బెజవాడలో ఒక డాక్టరమ్మకి ఫోన్ చేశా. ఆవిడ అడిగింది ఒకటే: "మేకకి ఏం మేత వేస్తున్నారు?" సుబాబుల్ అన్నా. మా వైపు కాగితం మిల్లుల కోసం ఆ చెట్లు పెంచుతారు, ఆ మండలే తెచ్చి కొట్టంలో కడుతున్నా. అందులో మిమోసిన్ అనే విషం ఉంటుందట. మేక నెమరేసే జీవి, దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఆ విషాన్ని విరిచేస్తాయి. గుర్రానికి ఆ పొట్ట లేదు, జూలూ తోకా ఊడతాయి. మేక మండల్ని రాణి కూడా లాక్కుని తింటోందన్న మాట! మేత సంగతి అడక్కుండా మనిషిని తిట్టేది వైద్యమా?

కోళ్ల దాణా కూడా గుర్రానికి అందనివ్వొద్దన్నారు ఆవిడ. అందులో మోనెన్సిన్ అనే మందు కలిపితే కొంచెం తిన్నా గుర్రం గుండె దెబ్బతిని చచ్చిపోతుందట. ఇంట్లో కోళ్లుంటే ఆ దాణా గంప ఇవాళే గదిలో పెట్టి తాళం వెయ్యండి.

ఇప్పుడు మేకకి వెనక దొడ్లో మేత. తినడం అయ్యాకే కొట్టంలోకి వదులుతున్నా. అది వచ్చేదాకా రాణి గుమ్మం వైపే చూస్తూ నిలబడుతుంది.