పగులున్న పలకతో మంచం
మంచం పూర్తయింది. నాలుగు నెలల పని. అందులో సగం చెక్కను చూస్తూ కూర్చోవడమే.

తలాపు పలకకు నేను ఎంచుకున్నది ముడులు, ఒక పొడవాటి పగులు ఉన్న వెడల్పాటి చెక్క. "ఇది పొయ్యిలోకే పనికొస్తుంది" అన్నారు చూసినవాళ్ళు. నునుపైన, మచ్చలేని పలక కావాలంటే దుకాణంలో మంచమే కొనుక్కోవచ్చు కదా!

ముడి దగ్గర చెక్క నార దిశ మారుతుంది. అక్కడ చిత్రిక పడితే పొర లేచి గుంట పడుతుంది. మొదటి రోజే ఆ తప్పు చేశాను. తర్వాత ఉలిని మళ్ళీ నూరి, పలచగా, అడ్డంగా గీకుతూ వెళ్ళాను. పగులును పూడ్చలేదు. అది ఇంకా పాకకుండా సీతాకోకచిలుక ఆకారపు చేవ ముక్కలు మూడు దానికి అడ్డంగా పొదిగాను. ఒక్కో దానికి ఒక సాయంత్రం పట్టింది.

గాలిలో తేమను బట్టి చెక్క వెడల్పులో ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పొడవులో దాదాపు మారదు. అందుకే పలకను జిగురుతో మంచం కోళ్ళకు అతికించలేదు. కోలగా తొలిచిన రంధ్రాల్లో మరలు బిగించాను, కదలడానికి చోటుండాలని. పట్టెలకు బోల్టులు పెట్టాను. లేకపోతే ఇల్లు మారినప్పుడు రంపమే దిక్కు.

చివర అవిసె నూనె పూత. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకోగలవు. నేను ఆరుబయట పరిచి ఆరబెట్టాను.

రాత్రి పడుకునే ముందు చేయి ఆ పగులు మీదికే వెళ్తోంది.