అత్తయ్య కట్ట, నా కట్ట

ఈ రోజు కార్తీక సోమవారం. నాలుగింటికి లేచి చూస్తే రోడ్డు మీద అప్పటికే ఆటోలు వరుస కట్టాయి. అందరూ ముక్తేశ్వరం రేవుకే. అక్కడ పంటు ఎక్కి అవతల కోటిపల్లిలో దిగి, గౌతమిలో మునిగి, సోమేశ్వరుడి దర్శనం చేసుకుంటారు. నాకూ వెళ్లాలనే ఉంది. కానీ వసారాలో తడి గోనెపట్టా కింద నూట నలభై కట్టల ఆకుకూర ఉంది. తోటకూర 60, పాలకూర 30, గోంగూర 20, పుదీనా 20, కొత్తిమీర 10. దేవుడైతే వచ్చే సోమవారం దాకా ఆగుతాడు, తోటకూర ఆగదు కదా.

స్కూటీకి రెండు పక్కలా బుట్టలు కట్టుకుని, ఆరు కొట్టేలోపు అమలాపురంలో నా చోటికి చేరాను. ఒక కాలనీ మలుపులో వేపచెట్టు కింద. కట్ట 15 రూపాయలు. బజారులో అదే తోటకూర పదికి దొరుకుతుంది. మాది పురుగుమందులు కొట్టకుండా పండించింది కాబట్టి, ఆ అయిదు రూపాయల సంగతి రోజూ ఎవరో ఒకరికి చెప్పుకోవాల్సిందే.

"ఆకు నిండా చిల్లులేంటమ్మా?" అని ఇవాళ కూడా ఒకావిడ అడిగారు. మొదట్లో, పురుగు తిన్నదంటే మందు కొట్టనట్టే కదండీ అని గొప్పగా చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనను. చిల్లులు మరీ ఎక్కువున్నాయంటే వేపాకు దంచి చేసే నీమాస్త్రం ఆలస్యంగా కొట్టానని అర్థం, అంతే. పోయిన వారం దంచడానికి తీరిక దొరకలేదు. అదే చెప్పాను. ఆవిడ నవ్వి రెండు కట్టలు తీసుకున్నారు.

రిటైరైన మాస్టారొకరు సర్టిఫికెట్ ఉందా అని అడిగారు. మేం అయిదుగురు రైతులం కలిసి పీజీఎస్ గుంపుగా చేరాం, అంటే రైతులే ఒకరికొకరు హామీ ఉండే సేంద్రియ సర్టిఫికెట్ పద్ధతి. ఒకరి మళ్లు ఒకరు చూసుకుని సంతకాలు పెట్టాలి. భూమి ఇంకా మందుల సేద్యం నుంచి మారే దశలోనే ఉంది కాబట్టి కాగితం మీద 'పీజీఎస్ గ్రీన్' అనే ఉంటుంది. 'ఆర్గానిక్' అని రావాలంటే ఇంకా టైముంది. ఉన్నదున్నట్టు చెప్పాను. రోజూ నాలుగు కట్టలు తీసుకునే మనిషి ఇవాళ రెండే తీసుకున్నారు. చెప్పకుండా ఉంటే సరిపోయేదా అని కాసేపు అనిపించింది.

ఇదంతా సరే, ఇవాళ నన్ను తొలిచేసిన సంగతి వేరే. నిన్న సాయంత్రం పీకిన 60 తోటకూర కట్టల్లో 25 అత్తయ్య కట్టారు, 35 నేను కట్టాను. అరటి నార తడిపి, కాడల వేళ్లన్నీ ఒక వైపు సర్ది, పిడికిట్లో పట్టినంత పట్టి, రెండు చుట్లు చుట్టి, కొసని బొటనవేలితో కిందకి తోసేయడమే. పనిలో తేడా లేదు, పిడికిట్లోనే ఉంది. ఆవిడ పట్టాక ఇంకో నాలుగు కాడలు గుచ్చుతారు. "ఇచ్చేది ఆకే కదా అమ్మాయ్" అంటారు. ఆవిడ కట్టిన 25 విప్పి నా కొలతలో కడితే 35 అవుతాయి. పది కట్టలంటే 150 రూపాయలు, నెలకి 4500. పిల్లాడి బస్సు ఫీజు, నా స్కూటీ పెట్రోలు అందులోనే వెళ్లిపోతాయి. ఈ లెక్క ఆవిడకి మూడుసార్లు చెప్పాను. "ఆయ్" అంటారు, మళ్లీ నాలుగు కాడలు గుచ్చుతారు.

తీరా చూస్తే ఇవాళ వచ్చినవాళ్లంతా బుట్టలో చెయ్యి పెట్టి కెలికి మరీ అత్తయ్య కట్టలే తీసుకుపోయారు. ఏడింటికల్లా అవి ఖాళీ. ఆ తర్వాత వచ్చినవాళ్లలో కొందరు "ఆ లావు కట్టలు లేవా?" అని అడిగి వెళ్లిపోయారు. పైగా సోమవారం, సగం ఇళ్లలో ఉపవాసాలు. ఎనిమిదిన్నరకి నా కట్టలు 14 మిగిలాయి. 210 రూపాయలు. పుదీనా కూడా నాలుగు మిగిలింది గానీ దానితో బెంగ లేదు, నీళ్లలో నిలబెడితే రేపటికీ పనికొస్తుంది.

ఇదివరకైతే మిగిలినవి ఒక దుకాణంలో ఇచ్చేదాన్ని. డబ్బులు నెలాఖరుకి, వాడిపోయినవి వెనక్కి. మూడు నెలల బాకీ వసూలు చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు మిగిలింది ఆవుకే. "ఎక్కడికి పోతుంది, పేడై మళ్లీ మడికి పోసే జీవామృతంలోకే వస్తుంది" అన్నారు మావారు. వస్తుంది, కాదనను. కానీ 210 రూపాయల పేడ!

ఇంటికొచ్చేసరికి వంటల మేస్త్రీ ఫోన్. ఆదివారం ఎవరివో వనభోజనాలట, బచ్చలి ఇరవై కిలోలు కావాలట. ముదురు కాడ ఉండకూడదట. మా వైపు కంద బచ్చలి లేకుండా కార్తీకం గడవదు. మా పందిరి మీద ఎంత కోసినా ఎనిమిది కిలోలు దాటదు. మా గుంపులోనే ఇంకో ఇంట్లో పది దాకా ఉంది. మిగతా రెండు కిలోలు ఎక్కడినుంచైనా తెచ్చి కలిపేద్దామా అన్నారు మావారు. వద్దన్నాను. పద్దెనిమిదే ఇస్తానని మేస్త్రీకి చెప్పాను. కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం పక్క చేలో బాబాయ్ గారు వరికి సుడిదోమ మందు కొట్టడానికి పంపు భుజాన వేసుకున్నారు. గాలి సరిగ్గా మా మళ్ల మీదకే ఉంది. గట్టు మీద అడ్డంగా జొన్న వేశాను గానీ అది ఇంకా మోకాలెత్తే. "గాలి తగ్గాక కొట్టుకోండి బాబాయ్" అంటే "అలాగేనమ్మా" అని పంపు దించి చుట్ట వెలిగించారు. ఆయన దోమ ఆయనది, ఒక్క రోజు ఆలస్యమైతే చేను మాడిపోతుందని ఆయన భయం. నాలుగింటికి గాలి ఆగింది.

ఆ ఖాళీలో కొత్తిమీర విత్తడానికి ధనియాలు నలిపాను. గచ్చు మీద పోసి, చెప్పుతో రుద్ది, ఒక్కోటీ రెండు బద్దలయ్యేలా. గట్టిగా తొక్కితే పిండి, మెల్లగా తొక్కితే గుండు. పోయిన నెల వానకి ఎత్తు మడి కూడా ఊటెక్కి కొత్తిమీర చాలావరకు కుళ్లింది. సరిగ్గా ఆ వారమే ధర ఎగిరింది. కొత్తిమీర ఎప్పుడూ మన దగ్గర లేనప్పుడే ప్రియం.

సాయంత్రం తోటకూర పీకి వేళ్లు కడిగేసరికి చీకటి పడింది. అత్తయ్యకి ఇవాళ ఉపవాసం, చుక్క కనపడితే గానీ భోజనం లేదు. అరుగు మీద కూర్చుని ఆకాశం వైపు చూస్తూనే నార తడుపుతున్నారు. పొద్దున జరిగింది ఆవిడకి చెప్పలేదు. పక్కనే కూర్చుని నేనూ ఒక కట్ట కట్టాను. కాస్త లావుగానే వచ్చింది. అత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఏమీ అనకుండా అందులోంచి రెండు కాడలు లాగి తన కట్టలో గుచ్చుకున్నారు.