చాదర్‌ఘాట్ దగ్గర ఒక గాలిబుడగ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠికి రోజూ బస్సులో వెళ్ళేదాన్ని నేను. చాదర్‌ఘాట్ వంతెన వచ్చిందని తెలియడానికి కిటికీలోంచి చూడనక్కర లేదు. కొంగులూ చేతిరుమాళ్ళూ వాటంతట అవే ముక్కుల మీదికి చేరతాయి. అందుకే, నది నీళ్ళను పరీక్షించే స్వచ్ఛంద జట్టుతో ఒక ఆదివారం వస్తావా అని మా కాలనీలో ఉండే సారు అడిగినప్పుడు నవ్వొచ్చింది. ఆయన రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశారు. మూసీ మురికిదని తేల్చడానికి సీసాలెందుకు, ముక్కు చాలదూ అన్నాను.

"అయితే ముక్కు తీసుకునే రా అమ్మా. ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం" అన్నారు.

కార్తీకమాసం. చీకటితోనే బయలుదేరిన వ్యాను వికారాబాద్ దాటి అనంతగిరి ఎక్కేసరికి ఎండ పొడచూపుతోంది. జట్టు మొత్తం ఆరుగురం. అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర తడిబట్టలతో భక్తులు, దీపాల నూనె వాసన. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. ఇక్కడి నుంచి 240 కిలోమీటర్ల దాకా పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మేం దిగిన వాగులో నీళ్ళు పిక్కల దాకా కూడా రాలేదు.

నాకు అప్పగించిన పని నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ చూడడం. సీసాను నీటిలో ముంచి, పొంగిపొర్లేదాకా నింపి, మాంగనీస్ సల్ఫేటు చుక్కలు కొన్ని, క్షారం కలిసిన అయొడైడు చుక్కలు కొన్ని వేసి మూత బిగించి తిప్పాలి. ఆక్సిజన్ ఉంటే తుప్పు రంగు మడ్డి విరుగుతుంది. లేకపోతే ఆ మడ్డి తెల్లగానే ఉంటుంది. తరువాత ఆమ్లం పోసి, గంజి చుక్క కలిపితే వచ్చే నీలం విరిగేదాకా ఇంకో ద్రావణాన్ని చుక్కచుక్కగా లెక్కపెడుతూ వదలాలి. చుక్కల లెక్కే కొలత. లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలన్నది స్నానాల రేవులకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన ప్రమాణం. ఇక్కడి సీసాలో మడ్డి చిక్కటి బెల్లం పాకంలా దిగింది. లెక్కపెట్టకముందే సారు ముఖం విప్పారింది.

ఆపైన రాళ్ళు తిరగేశాం. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. తెల్లటి పళ్ళెంలోకి నీళ్ళు వంపితే గోరంత పురుగొకటి, మూడు తోకలతో, పక్కలకున్న సన్నని మొప్పలు ఆడించుకుంటూ పాకింది. మేఫ్లై పిల్ల. దీనికి మురుగు గిట్టదు. సీసా ఈ నిమిషం సంగతి మాత్రమే చెబుతుందని, ఈ పురుగు బతికి ఉందంటే కొన్ని వారాలుగా నీళ్ళు బాగున్నాయని అర్థమని సారు వివరించారు. చూసి, ఫోటో తీసి, మళ్ళీ అదే రాయి కిందికి వదిలేశాం. రాయిని ఎలా ఉన్నదాన్ని అలా పెట్టకపోతే సారుకు కోపం.

గండిపేటలో ఎక్కువసేపు ఆగలేదు. ఈ నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాద్ వదిలిపోరని నానుడి. 1908 సెప్టెంబరు వరద నగరాన్ని ఊడ్చేశాక కట్టిన ఆనకట్ట ఇది, 1920 నాటిది. వరద ఆగింది, వానలు లేని రోజుల్లో నది కూడా ఇక్కడే ఆగిపోయింది. దిగువన నగరంలో మనం మూసీ అనుకుంటూ దాటేది చాలావరకు మన ఇళ్ళలోంచి వెళ్ళిన నీళ్ళే.

బాపూ ఘాట్‌కు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. 1948లో గాంధీ అస్థికలు కలిపిన చోటు, ఈసా, మూసా అనే రెండు పాయల సంగమం. ఒక పక్క గుర్రపుడెక్క అల్లుకుపోయింది, ఇంకో పక్క నిలిచిన మడుగు పచ్చగా పాచిపట్టి ఉంది. ముక్కు తన తీర్పు చెప్పేసింది. కానీ సీసాలో మడ్డి అనంతగిరికి దీటుగా ముదురు రంగులో దిగింది! నా కళ్ళను నేనే నమ్మలేదు.

"ఎండలో పాచి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా తానే పీల్చేస్తుంది. తెల్లవారుజామున ఇదే మడుగులో చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలవచ్చు. అందుకే తేదీ పక్కన సమయం రాయమనేది" అన్నారు సారు. నేను ఆ గడి ఖాళీగా వదిలేశాను. గబగబా రాశాను, 12.40.

ఇక చాదర్‌ఘాట్. వంతెన మీంచి తాడుతో బకెట్ దింపి, బకెట్లోంచి గొట్టంతో సీసా నింపాను. ఆదివారమైనా వాహనాల హోరు తగ్గలేదు, దారినపోయేవాళ్ళు ఎవరైనా దూకారేమోనని తొంగి చూస్తున్నారు. చుక్కలు వేసి తిప్పితే లేత గోధుమ రంగు వచ్చింది. "ఉంది సార్, కొంచెం ఉంది!" అని దాదాపు అరిచాను. రోజూ ముక్కు మూసుకుని దాటిన నది మీద ఇంత ప్రేమ ఎక్కడ దాక్కుందో నాకే తెలియదు.

సారు సీసాను ఎండకెత్తి చూశారు. మూత కింద శనగగింజంత గాలిబుడగ. ఆ రంగు దానిది, నదిది కాదు.

మళ్ళీ నింపాను. ఈసారి బుడగ లేదు. విరిగిన పాలలా తెల్లగా దిగింది మడ్డి. ఎవరూ ఏమీ అనలేదు. ముందు రాసినదాన్ని తెల్లరంగు పూసి చెరిపేయబోతే సారు ఆపారు. ఒక్క గీతతో కొట్టివేసి, కింద సరైనది రాసి, పక్కన పొడి సంతకం పెట్టాలట. తప్పు చదవడానికి వీలుగా ఉండాలట.

పొద్దు వాలుతుండగా ప్రతాపసింగారం. ఇక్కడ మూసీ నీళ్ళతో పశువుల గడ్డి పెంచి నగరంలోని పాడివాళ్ళకు అమ్ముతారు. రాళ్ళ మీంచి దూకే చోట నురగ దూదిపింజల్లా లేస్తోంది. సబ్బుల్లోని పదార్థాల పని అది. పళ్ళెంలోకి బురద తీస్తే దారప్పోగుల్లాంటి ఎర్రని పురుగులు. మన నెత్తురులో ఉండే హీమోగ్లోబిన్ వీటిలోనూ ఉంటుంది. దొరికిన కాస్త ఆక్సిజన్‌తోనే నెట్టుకొస్తాయి.

గడ్డి కోస్తున్న అవ్వ కొడవలి పక్కన పెట్టి వచ్చి పళ్ళెంలోకి చూసింది. "వీటిని పట్టుకుని ఏం చేస్తారు బిడ్డా?"

"లెక్కపెడతాం అవ్వా."

"ఎన్ని ఉంటే ఏమిటి? నాకైతే కాళ్ళే చెబుతాయి. కొన్ని రాత్రులు వాసన మారుతుంది, మరునాడు మడిలో దిగితే ఒకటే దురద."

నేను సరేనని తలూపి ఊరుకున్నాను. సారు మాత్రం చెప్పుల్లోంచి బురద దులుపుకుంటున్నవారు ఆగిపోయారు. ఏ రాత్రులు, వారంలో ఎప్పుడు, వాన పడిన రోజా అని ఒక్కొక్కటే అడిగారు. అవ్వకు అన్నీ గుర్తున్నాయి. ఆమె చెబుతూంటే నా చేత చివరి గడిలో రాయించారు. చోటు చాలక కాగితం వెనకవైపుకూ వెళ్ళాను.

తిరుగు ప్రయాణంలో ఉప్పల్ దగ్గర వ్యాను కదలకుండా నిలబడిపోయింది. వచ్చే నెల ఎవరు ఏ చోటు చూడాలో సారు పంచుతున్నారు. చాదర్‌ఘాట్ నాకివ్వమని అడిగాను. రోజూ దాటేదాన్ని కదా.

"ఇస్తాను. కానీ ముందు బాపూ ఘాట్ మడుగు తేలాలి. తెల్లవారకముందే అక్కడ ఉండాలి, టార్చి తెచ్చుకో" అన్నారు.

"బుడగ రాకుండా నింపుతాను సార్" అన్నాను.

"వస్తే గీత కొట్టు" అని కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు.