మేకు కొట్టే ముందు అడగాలి, అడగడానికి జంకకూడదు

మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో మా తెలుగు ఇళ్లలో, పిల్లలను పై చదువుకు నాందేడ్‌లో అద్దె గదికి పంపేటప్పుడు పెద్దలు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది. ‘పరాయి వాళ్ల ఇల్లు, దేన్నీ ముట్టుకోకు, ఎలా ఉంటే అలా సర్దుకో.’ ఆ మాట నాకు నచ్చదు. ఇంటివాళ్లను గౌరవించమని చెప్పడం వేరు, భయపడుతూ బతకమని చెప్పడం వేరు.

నేను నిజామాబాద్ జిల్లా నుంచి పెళ్లై ఇటు వచ్చాను. మరాఠీ నాకు ఇక్కడికి వచ్చాకే అబ్బింది. మా అమ్మాయికి మాత్రం అది బడి భాష, స్నేహితుల భాష. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష. 1956 వరకు నాందేడ్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. రైలెక్కితే కాసేపటికే బాసర. ఇన్ని తరాలుగా ఈ నేల మీదే ఉన్నవాళ్లు కూడా అద్దె మాట వచ్చేసరికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లలా ఒదిగిపోతారు. పిల్లలు మన మాటల కన్నా మన ఒదుగుబాటునే ముందు నేర్చుకుంటారు. నా బాధ అదే.

నీట్ శిక్షణ కోసం నాందేడ్ వచ్చే పిల్లలు చాలామంది ఉండేది మేడ మీద తర్వాత కట్టిన గదుల్లో. ఎండాకాలంలో అక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది, పరీక్షేమో మే నెలలో. కిటికీకి కూలర్ పెట్టాలంటే బయట ఇనుప స్టాండు బిగించాలి. దోమతెర కావాలి. పుస్తకాలకు ఒక బల్లచెక్క కావాలి. బల్ల దగ్గర ప్లగ్గు పాయింటు లేకపోతే తీగలు నేల మీద పాకుతాయి. ఇవి విలాసాలు కావు, చదువుకునే పిల్లకు కనీస అవసరాలు. అయినా అడగకుండా గోడకు మేకు కొడితే గిలాబా పెచ్చులూడుతుంది, ఖాళీ చేసే రోజున డిపాజిట్ దగ్గర మాట పెరుగుతుంది.

మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 1999లోని 16వ సెక్షన్ చదివాక నాకు చాలా ధైర్యం వచ్చింది. యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా శాశ్వత నిర్మాణం చేస్తే ఖాళీ చేయించవచ్చని అందులో ఉంది. దాని కిందే మినహాయింపులూ ఉన్నాయి. చెక్క అడ్డుగోడ, వంటగదిలో నిలబడి వండుకునే గట్టు, గాలి కోసం తెరిచే కిటికీ, ఏసీ, పొగ బయటికి పోయే గొట్టం వంటివి శాశ్వత నిర్మాణం కింద లెక్కకు రావు. అవసరమైన చోట పురపాలక అనుమతి ఉంటే చాలు. కేంద్ర చట్టమైన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్‌లో, అద్దెకున్నవారు తాము బిగించుకున్న వస్తువులను వెళ్లేలోపు తీసుకుపోవచ్చని చెబుతుంది. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి, అంతే. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదల అద్దెదారు తప్పు కాదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని తల్లిదండ్రులు గట్టిగా పట్టుకోవాలి. విద్యార్థుల దగ్గర చాలాచోట్ల రాయించుకునేది లీవ్ అండ్ లైసెన్స్ కాగితం, అంటే అద్దె హక్కు ఇవ్వకుండా ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చే ఒప్పందం. అద్దెదారుకు చట్టం ఇచ్చిన వెసులుబాట్లు లైసెన్సుదారుకు అలాగే వర్తిస్తాయని అనుకోకూడదు. అందుకే కావలసినవన్నీ ఆ కాగితంలోనే రాయించాలి. ఆ ఒప్పందాన్ని రాతలో పెట్టి రిజిస్టర్ చేయించే బాధ్యత మహారాష్ట్ర చట్టం 55వ సెక్షన్ ప్రకారం యజమానిదే. చేయించకపోతే, షరతుల గురించి అద్దెదారు చెప్పిందే చెల్లుతుంది, కాదని యజమాని రుజువు చేస్తే తప్ప. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలవుతుంది. కానీ ఎవరి మరమ్మతు ఎవరిదో దాని పట్టికలో చక్కగా ఉంది. గోడలకు సున్నం, లోపలి కరెంటు తీగలు యజమానివి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు అద్దెదారువి. మాట్లాడుకునేటప్పుడు ఆ పట్టికను ముందు పెట్టుకుంటే వాదన తగ్గుతుంది.

నాందేడ్ వెళ్లే మా అమ్మాయి చేత అక్కడి ఇంటి యజమానురాలికి ఉత్తరం రాయించాను. నేను రాయలేదు, ఆమె తండ్రి ఫోను చేయలేదు. తనే మరాఠీలో, ఏమేమి బిగించాలో, ఎక్కడ బిగించాలో, వెళ్లేటప్పుడు ఏవి తీసేసి ఎలా పూడుస్తుందో రాసింది. ‘కాకూకు (మరాఠీలో పిన్నిని అలా అంటారు) ఇంత చిన్నదానికి కాగితం ఇస్తే బాగుండదేమో అమ్మా’ అంది. ‘కాగితం ఇచ్చేది నమ్మకం లేక కాదు. రేపు ఇద్దరిలో ఎవరు మరచిపోయినా మాట నిలబడాలని’ అన్నాను.

ఇంటి యజమానురాలు కూలర్ స్టాండుకు, దోమతెరకు సరేనన్నారు. స్నానాలగది వైపు గోడకు మాత్రం డ్రిల్లు వద్దన్నారు, లోపల నీటి గొట్టం ఉందట. ఆ వద్దనడం న్యాయమైనది. పుస్తకాల చెక్కను ఎదుటి గోడకు మార్చారు. ప్లగ్గు పాయింటు తన ఖర్చుతో తన ఎలక్ట్రీషియన్ చేతే వేయిస్తానన్నారు, అది మేము అడగనిది.

దేవుడి పటానికి మేకు అక్కర్లేదని మా అమ్మాయే నిర్ణయించుకుంది, బల్ల మీద పెట్టుకుంది. తోరణానికి మాత్రం గుమ్మం మీద రెండు చిన్న కొక్కేలు కావాలని ఉత్తరంలో చేర్చింది. గుడీ పాడ్వా, ఉగాది ఒకే రోజు కదా. ఆ ఇంటివాళ్లు మేడ మీద గుడీని, అంటే పండగ కర్రను, ఎత్తేటప్పుడు వాళ్లూ మామిడాకులే కడతారు. దానికి అనుమతి అడిగినందుకు యజమానురాలు నవ్వారట. అయినా కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు. అలా పెట్టడమే నాకు ఎక్కువ నచ్చింది.

ఈ జూన్‌లో పిల్లలను పంపేవాళ్లు గదిలో దిగే రోజునే నాలుగు గోడలూ, పైకప్పూ, కుళాయిలూ, స్విచ్ బోర్డులూ ఫోటోలు తీసి యజమానికి కూడా పంపండి. డిపాజిట్ కట్టకముందే ఉత్తరం ఇవ్వండి, కట్టాక కాదు. ఆ ఉత్తరాన్ని పిల్లలనే రాయనివ్వండి. వాళ్లకు మరాఠీ మనకన్నా బాగా వచ్చు.